నరికాడా, నరకబోయాడా?

సత్రంలో పొయ్యి పక్కన ఇద్దరు కూర్చుని ఉన్నారు. పాత బాకీ దగ్గర మాటా మాటా పెరిగింది. ఒకడు దిగ్గున లేచాడు. "కత్తి దూసి నీ కుడిచెయ్యి నరికేశాను" అని టైపు చేసి ఎంటర్ కొట్టాడు.

అవతలి మనిషి వేరే దేశంలో, తన గదిలో, తన కుర్చీలో ఉన్నాడు. తెరమీద ఆ వాక్యం చూడగానే ఒళ్లు మండింది. చెయ్యి పోయినందుకు కాదు. పోయిందో లేదో చెప్పాల్సింది తను. తన చేతి సంగతి వాడెలా రాసేస్తాడు?

ఇది ఫలానా ఆటలో ఫలానా రాత్రి జరిగిన గొడవ కాదు. అక్షరాలతోనే నడిచే ఆన్‌లైన్ ఆటల్లో ఏళ్ల తరబడి ఏదో ఒక మూల జరుగుతూనే ఉన్న తగువు. వీటిలో బొమ్మలుండవు. ఉన్న గది ఎలా ఉందో తెర నాలుగు వాక్యాల్లో చెబుతుంది. ఆటగాడు "ఉత్తరం" అని కొడితే ఉత్తరం గదిలోకి వెళ్తాడు, "చూడు" అంటే చూస్తాడు. అక్కడెవరైనా ఉంటే పలకరిస్తాడు. తన పాత్ర కళ్లెర్రజేసిందో కన్నీళ్లు పెట్టుకుందో తనే ఒక వాక్యం రాసి పంపుతాడు. అందరూ కలిసి అప్పటికప్పుడు రాసుకుంటూ ఆడే నాటకమన్నమాట. ప్రాంప్టర్ లేడు, రిహార్సల్ లేదు, ఈల వేసే ప్రేక్షకుడూ లేడు.

అక్కడ మర్యాద తెలిసినవాడు "నరికేశాను" అనడు. "నరకబోయాను" అంటాడు. అని ఆగి, అవతలి వాక్యం కోసం చూస్తాడు. అవతలివాడు "పక్కకి తప్పుకున్నాను, కత్తి బల్లలో దిగబడింది" అనొచ్చు. కథ రక్తికట్టాలనుకుంటే "తప్పుకోబోయాను గానీ మోచేతిమీద గాటు పడింది" అనీ అనొచ్చు. ఇంగ్లీషులో ఆడేవాళ్లు ఈ తేడా తేవడానికి ప్రయత్నించాను, గురిపెట్టాను, కత్తి అటువైపు విసిరాను అంటూ నానా తిప్పలూ పడతారు. తెలుగులో ఒక్క "బోయాను" చాలు. ఈ ఆటకోసమే పుట్టినట్టుంటుంది ఆ మాట.

అవతలివాడి గతి కూడా తనే తేల్చేసే ఆటగాడి తీరుకి 'గాడ్‌మోడింగ్' అని పేరు. దేవుడైపోవడం. ఆటగాళ్లు ఒకరినుంచి ఒకరు ఆశించేవి సవాలక్ష ఉంటాయి గానీ, తన పాత్ర క్రియాపదం తన చేతిలో ఉండాలన్నది అన్నిటికంటే ముందుది. మిగతా కథంతా దీని చుట్టూనే తిరిగింది.

రాత్రిపూట తెరిచిన తలుపు

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ఒక ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. గుహలు, నిధులు, పజిళ్లతో సాగే అక్షరాల ఆటలు అప్పటికే ఉన్నాయి. విల్ క్రౌథర్ మొదలుపెట్టి డాన్ వుడ్స్ పెంచిన 'అడ్వెంచర్', ఆ తర్వాత వచ్చిన 'జోర్క్' అలాంటివే. అవన్నీ ఒంటరి ఆటలు. గుహలో మన అడుగుల చప్పుడు తప్ప ఇంకొకటి వినిపించదు. ఆ గుహలో ఇంకొకడు ఎదురైతే ఎలా ఉంటుందన్నది ట్రబ్‌షా ఊహ. దానికి మల్టీ యూజర్ డంజన్ అని పేరు పెట్టాడు. ఇక్కడ డంజన్ అంటే చెరసాల అనుకుంటారు చాలామంది. అది జోర్క్ ఆటకి ఫోర్ట్రాన్‌లో వచ్చిన రూపం పేరు మాత్రమే.

పొడి అక్షరాల్లో అది మడ్ అయింది. మడ్ అంటే ఇంగ్లీషులో బురద కదా. పేరుకి తగ్గట్టే ఆ ఆటలో ఒక చిత్తడినేల కూడా ఉండేది. కష్టపడి సంపాదించిన నిధిని తెచ్చి ఆ బురదలో పడేస్తేనే పాయింట్లు వచ్చేవి.

1980లో ఆట పగ్గాలు రిచర్డ్ బార్టిల్ చేతికి వచ్చాయి. విశ్వవిద్యాలయం కంప్యూటర్‌కి రాత్రిపూట పెద్దగా పని ఉండదు కాబట్టి, ఆ వేళల్లో బయటివాళ్లు టెలిఫోన్ లైన్లమీద లోపలికొచ్చి ఆడుకునేవాళ్లు. బార్టిల్ ఆ తర్వాత చాలాసార్లు చెప్పిన సంగతొకటుంది. ఇంగ్లండులో యాసని బట్టి, పుట్టిన ఇంటిని బట్టి మనిషికి విలువ కట్టే పద్ధతి మీద తమకున్న మంట ఆ ఆటలోకి వెళ్లిందని. లోపల ఎవరికీ పుట్టుక లేదు. మెట్టు మెట్టుగా పైకెక్కడానికి సొంత ప్రతాపం ఒక్కటే దారి. పై మెట్టు ఎక్కినవాడు 'విజార్డ్', అంటే మాంత్రికుడు. మాంత్రికుడికి మామూలు ఆటగాళ్లకి లేని అధికారాలు వస్తాయి. ఇంగ్లండులో కులీనుల్ని దించిన చోట మంత్రగాళ్లు కూర్చున్నారన్నమాట. దీని గొడవ కూడా ముందుముందు వస్తుంది.

ఆ తర్వాత పదేళ్లలో మడ్‌లు పుట్టగొడుగుల్లా లేచాయి. 1987లో అలన్ కాక్స్ వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో అబెర్‌మడ్ రాశాడు. లైనక్స్ లోకంలో తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న కాక్స్ ఈయనే. 1989లో కార్నెగీ మెలన్‌లో జేమ్స్ ఆస్ప్‌నెస్ టైనీమడ్ పెట్టాడు. అందులో యుద్ధాలు లేవు. గదులు కట్టుకోవడం, కబుర్లు చెప్పుకోవడమే. అదే ఏడాది స్వీడన్‌లో లార్స్ పెన్షో తెచ్చిన ఎల్‌పీమడ్‌లో పై మెట్టెక్కినవాళ్లు కొత్త లోకాలు రాసే వీలొచ్చింది. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ విభాగంలోని కుర్రాళ్లు 1990 ప్రాంతంలో రాసిన డికూమడ్‌లోనేమో రాక్షసుల్ని కొట్టు, అనుభవం కూడబెట్టు, మళ్లీ కొట్టు. బొమ్మలతో వచ్చిన పెద్ద ఆన్‌లైన్ ఆటల్లో చాలావాటి అస్థిపంజరం ఇదే. 1999లో విడుదలైన 'ఎవర్‌క్వెస్ట్' దీనికి ఎంత దగ్గరగా ఉందంటే, డికూ కోడ్ ఒక్క లైను కూడా వాడుకోలేదని దాని తయారీదార్లు ప్రమాణపత్రం రాసివ్వాల్సి వచ్చింది.

అన్నీ మడ్‌లే. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లినవాడికి మాత్రం పెళ్లికని బయల్దేరి పంచాయతీలో దిగినట్టుండేది.

ఆఠీను, డైమను, ఇస్పేటు, కళావరు

ఎవరు ఏం ఆశించి వస్తున్నారన్న ప్రశ్న మొదట ఆటలోపలే లేచింది. 1989 నవంబర్ నుంచి 1990 మే దాకా బ్రిటన్‌లోని ఒక మడ్‌లో పండిపోయిన ఆటగాళ్లు దీనిమీద రాతపూర్వకంగా వాదించుకున్నారు. అసలు మనుషులకి ఈ ఆటనుంచి కావాల్సిందేమిటి? వందల ఉత్తరాలు పోగయ్యాయి. వాటిని వడగట్టి బార్టిల్ రాసిన వ్యాసం 1996లో అచ్చయింది. ఆటల రూపకల్పన చదువుకునేవాళ్లకి ఇప్పటికీ దాన్ని తప్పించుకునే దారి లేదు.

బార్టిల్ ఆటగాళ్లని పేకముక్కల్లో సర్దాడు. నిధులు, మెట్లు, పాయింట్లు కూడబెట్టేవాళ్లు డైమన్లు. ఏ మూల ఏముందో, ఏ తలుపు ఎందుకు తెరుచుకోదో కూపీ లాగేవాళ్లు ఇస్పేట్లు. కబుర్లకోసం, మనుషులకోసం వచ్చేవాళ్లు ఆఠీన్లు. అవతలివాణ్ణి ఏడిపిస్తే తప్ప నిద్రపట్టనివాళ్లు కళావర్లు. ఇంగ్లీషులో స్పేడ్ అంటే పార, తవ్వుతుంది. క్లబ్ అంటే దుడ్డుకర్ర, బాదుతుంది. తెలుగు పేకలో ఆ చమత్కారం పోయింది గానీ, ఆటగాళ్లు మాత్రం మనకి తెలియనివాళ్లు కారు. తిరనాళ్లకి ఊరంతా వెళ్తుంది. ఒకరికి రంగులరాట్నం, ఒకరికి చుట్టాల పలకరింపు, ఒకరికి అటుపక్క గుట్టమీద ఏముందో చూడాలన్న తీట. ఒకడికి ఎవడితోనో పాత లెక్క తేల్చుకోవడం.

ఈ వ్యాసంలోంచి జనం పట్టుకెళ్లింది నాలుగు పేర్లే. అసలు విలువైనది ఆ నాలుగు గుంపుల మధ్య లంకె. కళావర్లు పెరిగితే ముందు ఖాళీ అయ్యేది ఆఠీన్లు. ఆఠీన్లు తగ్గితే మిగిలిన ఆఠీన్లకి మాట్లాడే తోడు లేక వాళ్లూ పోతారు. డైమన్లు పెరిగితే వేటకి ఎర దొరికిందని కళావర్లు వస్తారు. ఒక గుంపుకి మేలు చేద్దామని నిర్వాహకుడు ఒక నియమం మారిస్తే, రెండు నెలల తర్వాత ఇంకెక్కడో గోడ కూలుతుంది. చెరువులో ఏ చేప ఏ చేపని తింటుందో తెలియకుండా కొత్త పిల్లల్ని వదిలితే జరిగేది ఇదే.

ఇంత చెప్పిన వ్యాసాన్ని ఇంకెవరో "మీరు ఏ ముక్క?" అని తేల్చిచెప్పే ప్రశ్నావళిగా మార్చేశారు. దాన్ని బార్టిల్ పరీక్ష అంటారు, బార్టిల్ తయారుచేసింది కాకపోయినా. ఆయన 2003లో తెచ్చిన పుస్తకంలో నాలుగు రకాల్ని ఎనిమిది చేశాడు. జనం నాలుగు దగ్గరే ఆగిపోయారు.

చేతబడి బొమ్మ

క్రియాపదం చేజారిపోతే ఏమవుతుందో 1993లో తెలిసింది.

లాంబ్డామూ అని ఒక లోకం. జిరాక్స్ కంపెనీ పరిశోధనాకేంద్రంలో పావెల్ కర్టిస్ 1990లో మొదలుపెట్టాడు. కాలిఫోర్నియాలోని తన ఇంటి నమూనాలోనే దాన్ని కట్టాడు. కొత్తగా వచ్చినవాడు ముందు కోట్లు తగిలించే చీకటి అల్మారాలో కళ్లు తెరుస్తాడు. తలుపు తోసుకుని బయటికొస్తే హాలు, హాలునిండా కబుర్లాడే జనం. అందులో ఎవరైనా వస్తువులు తయారుచేయొచ్చు, వాటికి పనులు నేర్పొచ్చు.

1993 మార్చిలో ఒక రాత్రి మిస్టర్ బంగిల్ అనే పాత్ర అలాంటి ఒక వస్తువుతో హాల్లోకి వచ్చాడు. అది చేతబడి బొమ్మ. దాంతో అవతలి పాత్రలు తమంతట తామే ఫలానా పని చేస్తున్నట్టు వాక్యాలు పుట్టించొచ్చు. బంగిల్ పుట్టించినవి లైంగిక హింస వాక్యాలు. ఆ పాత్రల వెనకున్న మనుషులు కీబోర్డు ముట్టుకోలేదు. వాళ్ల పేర్లు కర్తలుగా, వాళ్లు రాయని క్రియలతో వాక్యాలు తెరమీద వరసగా పడుతూ పోయాయి. హాల్లో ఉన్నవాళ్లంతా చదివారు.

తర్వాత సభ జరిగింది. ఇది నేరమా, ఒట్టి అక్షరాలా? అక్షరాలే అయితే బాధితులు కన్నీళ్లు పెట్టుకున్నారెందుకు? గంటలు గడిచినా ఏదీ తేలలేదు. అక్కడి మాంత్రికులు సామాజిక తగువుల్లో తలదూర్చబోమని అప్పటికి కొద్దినెలల కిందటే ప్రకటించి ఉన్నారు. చివరికి ఒక మాంత్రికుడు ఎవరికీ చెప్పకుండా బంగిల్ పాత్రని చెరిపేశాడు. ఊరినుంచి తిరిగొచ్చిన కర్టిస్ అర్జీలు, ఓటింగ్ పద్ధతి తెచ్చాడు. జూలియన్ డిబెల్ ఈ కథని డిసెంబర్లో న్యూయార్క్ పత్రిక 'విలేజ్ వాయిస్'లో రాశాక న్యాయశాస్త్రం చదివేవాళ్లు కూడా దీన్ని చర్చించారు.

అంతకు ముందు ఆటగాళ్లు నిర్వాహకుడి దగ్గర ఆశించింది ఆట ఆగిపోకుండా చూడడం. ఆ తర్వాత న్యాయం కూడా ఆశించారు. జీతం లేకుండా, రాత్రిళ్లు నిద్రమానుకుని ఆట నడిపే మనిషిని పట్టుకుని మేజిస్ట్రేటుగా కూర్చోమంటే కూర్చోగలడా అన్నది వేరే సంగతి.

వన్స్‌మోర్ లేదు

పౌరాణిక నాటకాల్లో యుద్ధంలో చచ్చిపడిన వేషగాడు, జనం వన్స్‌మోర్ అనగానే లేచి, పద్యం మళ్లీ ఎత్తుకుని, మళ్లీ చచ్చాడని జోకు చెప్పుకుంటారు. చాలా మడ్‌లలో చావంటే ఇంచుమించు అంతే. కొంచెం అనుభవం పోతుంది, గుడిలో లేస్తాడు, పోయి తన శవం దగ్గర సామాన్లు తెచ్చుకుంటాడు.

1991లో మొదలైన ఆర్మగెడ్డన్ మడ్‌లో అలా కాదు. ఎడారి లోకం, నీళ్లు దొరకవు, చస్తే చచ్చినట్టే. నెలల తరబడి పెంచుకున్న పాత్ర సందులో ఒక్క కత్తిపోటుకి పోతుంది. ఆటగాడు మళ్లీ కొత్త మనిషిని ఊహించి, వాడి పుట్టుపూర్వోత్తరాలు రాసి, నిర్వాహకుల ఆమోదం కోసం పంపాలి. అక్కడ బాగా ఆడేవాళ్లకి నిర్వాహకులిచ్చే నమ్మకపు పాయింట్ల పేరు కర్మ. కర్మ పెరిగితేనే మంత్రగాళ్ల వంటి కష్టమైన పాత్రలు చేతికిస్తారు. ఎడారి ఎక్కడిదైనా మాట మాత్రం మనదే.

ఇలాంటి ఆటల్లో ఇంకో కట్టడి ఉంది. ఆటగాడికి తెలిసింది పాత్రకి తెలియకూడదు. తలుపు వెనక హంతకుడున్నాడని ఆటగాడికి ఇంకెవరో చెప్పినా, పాత్ర అమాయకంగా తలుపు తీయాల్సిందే. తెలివిగా తప్పుకుంటే 'మెటాగేమింగ్' అని ముద్రవేస్తారు. మన దుర్యోధన వేషగాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. తొడ విరుగుతుందని తెలిసీ, ఐదూళ్లు ఇవ్వనని మీసం మెలేసే ఉద్యోగమది.

ఇవిగాక పైకి చెప్పని కోరిక ఒకటుంది, ఎదురుచూడడం. మంచి ఆటగాడు ఒక్కో వాక్యం కూర్చడానికి నిమిషాలు తీసుకుంటాడు. నలుగురున్న సన్నివేశంలో వంతు రావడానికి పావుగంట పట్టొచ్చు. ఈలోపు ఒకరికి పాలు పొంగుతాయి, ఒకరింటి బెల్లు మోగుతుంది. చెప్పి లేచినవాడికి మన్నింపు ఉంది. చెప్పకుండా మాయమైనవాడు చెయ్యి నరికేసినవాడికంటే ఎక్కువ తిట్లు తింటాడు.

డబ్బు సంగతి త్వరగా చెప్పుకుని పోదాం. 1997లో మొదలైన 'అకేయా' ఆడడానికి ఉచితం, ఆటలోని సదుపాయాలకి డబ్బు. నగరాలకి నాయకుల్ని ఆటగాళ్లే ఎన్నుకునే ఆ లోకంలో, కొనుక్కున్నవాడి కత్తికి పదునెక్కువ అన్న సణుగుడు వినబడుతూనే ఉంటుంది. ఇవాళ ఫోన్లలో పిల్లలు తల్లిదండ్రుల కార్డుమీద కొనే ఆయుధాలకి ముత్తాతల్లో ఇదొకటి.

వినే ఆట

బొమ్మల ఆటలొచ్చాక అక్షరాల ఆటలు పూర్తిగా పోవాల్సింది. పోలేదు. అందుకు ఒక కారణం చూపులేని ఆటగాళ్లు. స్క్రీన్‌రీడర్ తెరమీది అక్షరాల్ని చదివి వినిపిస్తుంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు అంధ ప్రోగ్రామర్లు చేతులు వేసి పెంచిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్‌రీడర్ ఉచితంగా దొరుకుతుంది. 1995 నుంచి నడుస్తున్న 'ఆల్టర్ ఏయాన్' వంటి మడ్‌లలో చూపులేని ఆటగాళ్లు పెద్దసంఖ్యలో ఉన్నారు.

వాళ్ల కోరికల జాబితా వేరు. అక్షరాలతో గీసిన పటాలు వద్దు. గీతలూ చుక్కలూ వరసగా చదివితే చెవికి ఇసుక పోసినట్టుంటుంది. దిక్కులు మాటల్లో చెప్పాలి. యుద్ధంలో సెకనుకి పది వాక్యాలు దొర్లితే స్క్రీన్‌రీడర్ మొదటి దెబ్బ చదువుతుండగానే మనిషి చచ్చిపోయి ఉంటాడు. అందుకని పనికిరాని వాక్యాల్ని మింగేసే ఏర్పాటు కావాలి. ప్రాణం సన్నగిల్లితే ఒక గంట మోగాలి. ఇన్ని సర్దుకున్నాక ఆట సమానమైపోతుంది. సత్రంలో ఎదురైనవాడికి చూపుందో లేదో వాడి వాక్యాన్నిబట్టి ఎవరూ చెప్పలేరు.

కాదనని యంత్రం

2019లో అమెరికాలో నిక్ వాల్టన్ అనే విద్యార్థి 'ఏఐ డంజన్' తెచ్చాడు. అవతల మనిషి ఉండడు, భాషా నమూనా ఉంటుంది. ఏం టైపుచేసినా దానికి తగ్గట్టు కథ అల్లుతుంది. ఎదురుచూపు లేదు, అలక లేదు. "చెయ్యి నరికేశాను" అంటే నరికేశావనే అంటుంది, "రాజునయ్యాను" అంటే కిరీటం పెడుతుంది. మొదట్లో జనం విరగబడి ఆడారు.

వెంటనే కొత్త ఫిర్యాదులు మొదలయ్యాయి. దానికి జ్ఞాపకం లేదు. అప్పట్లో వాడిన జీపీటీ-2 ఒకసారికి 1,024 టోకెన్లు, అంటే కొన్ని వందల మాటలే పట్టించుకోగలదు. అంతకు ముందుది మర్చిపోతుంది. పది నిమిషాల కిందట చచ్చిన తమ్ముడు తలుపుతట్టి లోపలికొస్తాడు. గుర్రం కాస్తా గాడిదవుతుంది. మనుషులతో ఆడేటప్పుడు ఎదుటివాడికి మన పేరు గుర్తుండాలని ప్రత్యేకంగా ఎవరూ అడగలేదు. అది కూడా అడిగి తీసుకోవాల్సిన వస్తువని ఇక్కడే తెలిసింది. 2021లో అభ్యంతరకరమైన రాతల్ని అడ్డుకునే జల్లెడ పెట్టినప్పుడు, తమ సొంత కథల్లోకి ఎవరో తొంగిచూస్తున్నారని ఆటగాళ్లు మండిపడ్డారు. బంగిల్ రాత్రినాటి తగువే, వేషం మార్చుకుని వచ్చింది.

తెలుగులో ఆడాలంటే

మన దేశంలో ప్రజలకి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. విద్యార్థులకి ప్రభుత్వ టెలికం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ ఇచ్చిన చవక షెల్ అకౌంట్‌లో బొమ్మలు రావు, అక్షరాలే. మడ్ ఆడడానికి అంతకంటే ఏం కావాలి? కావాల్సింది తెలుగు లిపి. అప్పటికి ప్రవాస తెలుగువాళ్లు ఆన్‌లైన్‌లో తెలుగు రాసుకోవడానికి రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిని వాడేవాళ్లు. చిన్న ఏ కొడితే అ, పెద్ద ఏ కొడితే ఆ.

యూనికోడ్ వచ్చాక కూడా పాత ఆటలు లొంగవు. డికూ సంతతిలోని మెర్క్ కోడ్ తీసి చూస్తే, వచ్చిన ప్రతి అక్షరాన్నీ ఇది ఆస్కీయేనా, అంటే ఇంగ్లీషు కీబోర్డు అక్షరమేనా అని అడిగి, కాకపోతే చప్పుడు చేయకుండా అవతల పారేసే ఒక లైను కనబడుతుంది. "అమ్మా" అని కొడితే ఆటకి చేరేది ఖాళీ లైను.

ఆ లైను మార్చడం సులువే. తర్వాతది కష్టం. ఇంగ్లీషు ఆట ఆటగాడి వాక్యంలో మొదటి మాటని క్రియగా తీసుకుంటుంది. తెలుగువాడు "దీపం తీసుకో" అంటాడు. "కత్తితో భూతాన్ని పొడువు" అన్నా, "భూతాన్ని కత్తితో పొడువు" అన్నా ఒకటే. అంటే ఆట మాటల వరస వదిలేసి తో, ని లాంటి విభక్తుల్ని చూడాలి. ఇక తెరమీదికి వచ్చే వాక్యాల సంగతి. ఇంగ్లీషులో ఎవరు గదిలోకి వచ్చినా క్రియ ఒకటే. తెలుగులో వచ్చాడా, వచ్చిందా, వచ్చారా? రాజుగారు "వచ్చాడు" అని తెర చెబితే సభలో ఆట ఆగిపోతుంది. లాంబ్డామూలో ఆటగాడు ఎంచుకోవడానికి స్త్రీ, పురుషుడు, రాజుల్లా "మేము" అనిపించుకునే పద్ధతితో సహా పది దాకా సర్వనామాల వరసలు ఉండేవి. తెలుగు ఆటలో పేరుతోపాటు గౌరవం కూడా ముందే రాసిపెట్టుకోవాలి. పైగా అది ఎవరు చూస్తున్నారన్నదాన్నిబట్టి మారాలి. కూతురి తెరమీద "నాన్న వచ్చాడు", అల్లుడి తెరమీద "మామగారు వచ్చారు".

చీకట్లో, ముసుగులో, ఆడో మగో తెలియని కొత్త మనిషి అడుగుపెడితే మాత్రం ఏ చిక్కూ లేదు. సత్రంలో ఉన్నవాళ్లందరి తెరమీదా ఒకటే వాక్యం పడుతుంది: ఎవరో వచ్చారు.